ఎలక్ట్రిక్ ట్రక్కు కింద బ్యాటరీకి రాళ్ళ దెబ్బలు: ప్లేటు వేయించాలా, వద్దా?

సంతలబండి
చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు కొని సంతలకు తిప్పుతున్నాను. ఒడిశాలో మా రాయగడ నుంచి బిస్సంకటక్, మునిగుడ వైపు తారురోడ్డు ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు. కాశీపూర్ దాటి లోపలి ఊళ్ళకు మళ్ళాకే అసలు కథ. వానలకు మొరం కొట్టుకుపోయి రాళ్ళు పైకి లేచి ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఉప్పు, పప్పులు, ప్లాస్టిక్ సామాను. వచ్చేటప్పుడు అల్లం, చింతపండు. లోడుతో వెనక కిందికి దిగిపోయి, కింద టంగుమని తగులుతుంటే ప్రాణం అక్కడే ఉంటుంది. డీజిల్ బండి అయితే సైలెన్సరో, ఆయిల్ చాంబరో పోయిందిలే అనుకుంటాం. ఇందులో కింద ఉన్నది బ్యాటరీ. బండి ధరలో పెద్ద వాటా దానిదే.

మొన్న ర్యాంపు మీద ఎక్కించి చూశాను. బ్యాటరీ పెట్టె అడుగు రేకు మీద జానెడు పొడుగు గీత, ముందు అంచు దగ్గర బొటనవేలు పట్టేంత నొక్కు. కూలెంట్ పైపు క్లిప్పు ఒకటి విరిగింది. నారింజ రంగు హై వోల్టేజీ కేబుల్ మీది తొడుగు ఒకచోట అరిగింది. సర్వీసు సెంటర్లో అడిగితే "ఇలాంటి రోడ్ల మీద తిప్పకూడదండీ" అన్నారు. సంత ఎక్కడుంటే అక్కడికి పోవాలి గానీ రోడ్డు బాగున్నచోట సంత పెట్టమంటే పెడతారా?

ఊళ్ళో వెల్డింగ్ షాపువాడు 5 ఎం.ఎం. చెకర్డ్ ప్లేటు (బొడిపెలున్న ఇనుప రేకు) కొట్టేస్తానంటున్నాడు, బ్యాటరీ కింద ఆనించి వెల్డు పెడతాడట. చేయించనా? వేరే దారి ఉందా?

బరంపురం_బుల్లెట్
ప్లేటు బండికి కాదు, రోడ్డుకు వేయించు. వెనకొచ్చే వాళ్ళకూ పుణ్యం.

కొండదారి
ప్లేటు సంగతి తర్వాత. రాయి ఎదురైతే ఎలా పోనిస్తున్నావు? పట్నంలో కారు నడిపిన అలవాటుకి చాలామంది రాయిని రెండు చక్రాల మధ్యకు తెచ్చి దాటిస్తారు. కొండదారిలో అది తప్పు. టైరును రాయి మీదకే ఎక్కించాలి. టైరు లేస్తే బండి లేస్తుంది, కడుపు కూడా లేస్తుంది. నేను డీజిల్ పికప్ లక్ష్మీపూర్, నారాయణపట్నం వైపు ఏళ్ళ తరబడి తిప్పుతున్నాను, ఏ ప్లేటూ లేదు.

సంతలబండి
అది తెలుసన్నా. ఆ ఊళ్ళ దారుల్లో ట్రాక్టర్లు తిరిగి రెండు పక్కలా గాడులు పడ్డాయి, మధ్యలో దిబ్బ మిగిలింది. దిబ్బ మీద గడ్డి, గడ్డి లోపల రాయి. కనబడితేగా ఎక్కించడానికి.

కొండదారి
అయితే గాడిలో దిగకు. ఒక పక్క చక్రాలు దిబ్బ మీద, రెండో పక్కవి గట్టు మీద పెట్టి పో. కుదరనిచోట దిగి నడిచి చూడు. రెండు నిమిషాలు పోతే పోయాయి.

జయపురం_వెల్డర్
నేను ఈ పని చేసేవాణ్ణే కాబట్టి చెబుతున్నాను. ఆ షాపువాడు చెప్పినట్టు మాత్రం చేయించకు.

మొదటిది, చెకర్డ్ ప్లేటు నడవడానికి వేసేది. దాని బొడిపెలు కిందికి పెడితే ప్రతి బొడిపే రాయిని పట్టుకుంటుంది. అడుగు ప్లేటు పని జారడం, పట్టుకోవడం కాదు. ప్లెయిన్ షీటు కావాలి.

రెండోది బరువు. నీ బ్యాటరీ కింద 1.4 మీటర్లు పొడుగు, 0.8 వెడల్పు అనుకుందాం. 5 ఎం.ఎం. ఇనుము అయితే 44 కిలోలు. యాంగిళ్ళు, బోల్టులు కలిపితే 60. అంటే ప్రతి ట్రిప్పులో ఒక బస్తా అల్లం తగ్గించుకోవాలి, లేదా ఓవర్‌లోడు. 3 ఎం.ఎం. తీసుకుని, పొడుగునా రెండు మడతలు నొక్కించి, ముందు అంచు పైకి వంచితే 26 కిలోల్లో అయిపోతుంది. మడత పెట్టిన 3 ఎం.ఎం. చదునుగా ఉన్న 5 ఎం.ఎం. కంటే తక్కువ వంగుతుంది.

మూడోది అసలైనది. బ్యాటరీకి ఆనించకూడదు, బ్యాటరీ బోల్టులకు తగిలించకూడదు. ఆనించావంటే రాయి దెబ్బ నేరుగా లోపలికే పోతుంది, ప్లేటు ఉన్నా లేనట్టే. ఛాసిస్ క్రాస్ మెంబర్లకు (అడ్డ కమ్మీలకు) బ్రాకెట్లు బిగించి వాటికి వేలాడదీయాలి. మధ్యలో కనీసం 25 ఎం.ఎం. ఖాళీ ఉండాలి. దెబ్బకు ప్లేటు లోపలికి వంగినా బ్యాటరీని తాకకూడదు.

వెల్డింగ్ అసలు వద్దు. క్లాంపులు, యూ-బోల్టులు పెడదాం. ఎక్కడైనా రంధ్రం తప్పనిసరైతే ఛాసిస్ ఛానెల్ నిలువు ముఖానికి మాత్రమే, అదీ మధ్యలో. పైన, కింద ఉండే అంచులకు రంధ్రం పెడితే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది.

బరంపురం_బుల్లెట్
వెల్డరే వెల్డింగ్ వద్దంటున్నాడంటే వినాల్సిందే.

పర్లాకిమిడి_పాలసీ
వెల్డింగ్ వద్దనడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. ఛాసిస్ మీద వెల్డు మచ్చ కనబడితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో సర్వేయర్ ముందు దాన్నే ఫొటో తీస్తాడు.

బ్యాటరీ_డాక్టర్
ప్లేటు గురించి అందరూ మాట్లాడుతున్నారు, ఆ నొక్కు గురించి ఎవరూ అడగలేదు. ముందు దాని సంగతి తేల్చాలి.

అడుగు రేకు మీద గీత అయితే పెయింటు వేసుకుని ఊరుకోవచ్చు. నొక్కు వేరు. రేకుకీ లోపలి సెల్స్‌కీ మధ్య కొంత ఖాళీ వదులుతారు, కొన్ని బండ్లలో ఆ ఖాళీలోనే చల్లబరిచే ప్లేటు ఉంటుంది. బొటనవేలు పట్టేంత లోతు నొక్కు ఆ ఖాళీని ఎంత తినేసిందో బయట నుంచి తెలియదు. ముందు అంచు దగ్గర అన్నావు కాబట్టి ఇంకో అనుమానం: మూతకీ ట్రేకీ మధ్య రబ్బరు సీలు ఉండేది ఆ అంచునే. అంచు వంగితే సీలు నొక్కుడు తప్పుతుంది.

సర్వీసు సెంటర్‌కు వెళ్ళి రెండు పనులు అడుగు. ఒకటి ఇన్సులేషన్ రెసిస్టెన్స్ పరీక్ష. హై వోల్టేజీ వైపు నుంచి బండి బాడీకి కరెంటు కారుతోందో లేదో అందులో తెలుస్తుంది. డీసీ వైపు వోల్టుకు కనీసం 100 ఓమ్‌లు ఉండాలని అంతర్జాతీయ నియమం. బాగున్న బండిలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువే వస్తుంది. రెండోది ప్యాక్ లీక్ టెస్టు, గాలి పెట్టి చూస్తారు. "తిప్పకూడదు" అని చెప్పి పంపేశారంటే ఈ రెండూ చేసి ఉండరు. కాగితం మీద రాయించుకో.

నారింజ కేబుల్ తొడుగు అరిగిందన్నావు. దానికి ఇన్సులేషన్ టేపు చుట్టించకు, చుట్టనివ్వకు. మార్పించు. నువ్వు చెయ్యి పెట్టకు.

సంతలబండి
డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగలేదు. బండి మామూలుగానే పోతోంది. అయినా చూపించాలా?

బ్యాటరీ_డాక్టర్
లైటు వెలిగాక చూపించడానికి అది పెట్రోలు ట్యాంకు కాదు బాబూ. సీలు పోయిన ప్యాక్ ఎండాకాలం అంతా బాగానే నడుస్తుంది. మొదటి గెడ్డ (వాగు) దాటినప్పుడు తెలుస్తుంది.

అల్లంతోట
సిమిలిగుడ దగ్గర మాది. గెడ్డ అంటే గుర్తొచ్చింది. ఈ బండ్లకు ఐపీ67 అని రాసి ఉంటుంది కదా, నీళ్ళలో పోనివ్వచ్చనేగా అర్థం?

బ్యాటరీ_డాక్టర్
ఐపీ67లో 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉంచినా హాని చేసేంత నీరు లోపలికి పోకూడదని. నిలిచిన నీళ్ళలో, కొత్త ప్యాక్‌కు చేసే పరీక్ష అది. ప్రవాహం, రాళ్ళు, వంగిన అంచు ఇవేవీ ఆ పరీక్షలో లేవు. అదీ బ్యాటరీ పెట్టె ఒక్కదానికే, మొత్తం బండికి కాదు.

ఇంకొకటి. ఘాటీ ఎక్కి వేడెక్కిన బ్యాటరీని నేరుగా చల్లటి గెడ్డలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, బయటి నుంచి పీల్చుకుంటుంది. సీలు బాగుంటే ఊపిరి రంధ్రం పొర దాన్ని సరిచేస్తుంది. సీలు పోతే నీళ్ళే పీల్చుకుంటుంది. అందుకే గెడ్డ ముందు కాసేపు ఆపి చల్లారనివ్వు.

కొండదారి
డీజిల్ వాళ్ళమూ అంతే చేస్తాం, వెనక ఇరుసు హౌసింగ్ బ్రీదర్ (ఊపిరి రంధ్రం) కోసం. కొత్తేమీ లేదు.

నలుపు_కోటింగ్
ఇంత రాద్ధాంతం దేనికి? కింద మొత్తం రబ్బరు అండర్‌బాడీ కోటింగ్ కొట్టించెయ్. మా కారుకు కొట్టించాం, తుప్పు లేదు, చప్పుడు లేదు. రెండు పూతల పని.

జయపురం_వెల్డర్
కోటింగ్ తుప్పుకు, ఇసుక దెబ్బకు. రాయికి కాదు.

బ్యాటరీ_డాక్టర్
@నలుపు_కోటింగ్ దయచేసి ఈ సలహా ఎలక్ట్రిక్ బండ్లకు ఇవ్వకండి. బ్యాటరీ పెట్టెకు ఇందాక చెప్పిన ఊపిరి రంధ్రం ఉంటుంది, చిన్న నల్ల బిళ్ళలా కనబడుతుంది. లోపలా బయటా గాలి ఒత్తిడి సమానంగా ఉంచేది అదే. చాలా ప్యాక్‌లలో సెల్ పాడై గ్యాస్ పుడితే బయటికి పోయే దారి కూడా అక్కడే. స్ప్రే కొట్టేవాడికి అదేదో తెలియదు, మొత్తం నల్లగా కొట్టేసి పోతాడు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ మిగతా రకాల కంటే వేడికి బాగా తట్టుకుంటుంది, నిజమే. అంతమాత్రాన ముక్కు మూసేయమని కాదు. అల్యూమినియం పెట్టెకు తుప్పు కోటింగ్ అవసరమూ లేదు. కొట్టించాలంటే ఛాసిస్‌కు, కమాన్ల (లీఫ్ స్ప్రింగుల) బ్రాకెట్లకు కొట్టించండి, బ్యాటరీకీ కేబుళ్ళకూ కాగితం కప్పి.

నలుపు_కోటింగ్
సరే, కారుకు చెప్పాను, ట్రక్కుకు కాదు. కోప్పడకండి.

ప్రాణహిత_ఒడ్డు
మాది సిరొంచ దిక్కు. మీకు రాళ్ళ బాధ, మాకు నల్లరేగడి బురద బాధ. ప్లేటు వేయించుకునే ముందు మా అన్న బండి సంగతి వినండి. అడుగున నిండుగా ప్లేటు కొట్టించిండు, ఒక్క రంధ్రం లేకుండా. వానాకాలంలో బురద లోపల చేరింది. ఎక్కడికి పోతది? ఎండాకాలానికి ఇటుక అయ్యింది. పలుగుతో కొట్టి తీసినం. దానితో పాటు ఎలుక గూడు, ఐదు పిల్లలు, కొరికిన వైరు బయటపడ్డయి. ప్లేటుకు పెట్టిన ఖర్చు కంటే వైరింగుకు ఎక్కువ అయ్యింది.

బరంపురం_బుల్లెట్
ఎలుకలకు ఏసీ గది కట్టించాడన్నమాట.

ప్రాణహిత_ఒడ్డు
కరెంటు బండి కదన్నా, చప్పుడు లేదు, వేడి లేదు. ఎలుకకు ఇంకేం కావాలె.

సంతలబండి
నవ్వొస్తోంది గానీ భయం కూడా వేస్తోంది. మరి రంధ్రాలు పెడితే రాళ్ళు లోపలికి రావా?

సునాబేడ_రేకులమాస్టారు
నేను ఉద్యోగమంతా రేకు పని చేసి రిటైరైనవాణ్ణి. రంధ్రాల గురించి: ముందు సగంలో రంధ్రాలు వద్దు, వెనక సగంలో కోలగా పెట్టండి. పొడుగు బండి పొడుగునా ఉండాలి, అడ్డంగా కాదు. అడ్డంగా ఉంటే రాయి అంచు అందులో చిక్కుకుంటుంది. రంధ్రం అంచులను లోపలికి మడవాలి. వెనక అంచు పూర్తిగా తెరిచి వదిలెయ్యండి, పైపుతో ముందు నుంచి నీళ్ళు కొడితే బురద వెనక నుంచి పోతుంది. ప్రెషర్ వాషర్‌ను మాత్రం కేబుల్ కనెక్టర్ల మీదకు దగ్గరగా పెట్టకూడదు.

ఇప్పుడు లోహం. అందరూ ఇనుము అంటున్నారు, అల్యూమినియం సంగతి కూడా చూడండి. 5 ఎం.ఎం. అల్యూమినియం షీటు జయపురం వారు చెప్పిన కొలతకు 15 కిలోలే వస్తుంది. 3 ఎం.ఎం. ఇనుము కంటే అది తక్కువ వంగుతుంది కూడా. మందం పెరిగితే బిగువు దాని మూడో ఘాతం (ఘనం) లెక్కన పెరుగుతుంది, అదే దాని బలం. కిలో ధర ఇనుముకు నాలుగైదు రెట్లు ఉన్నా, అదే మందం ఇనుముతో పోలిస్తే బరువు మూడో వంతు కదా.

అయితే ఏ అల్యూమినియం అన్నది అడిగి కొనాలి. 5052 అయితే వంచవచ్చు, పగలదు. 6061-టి6 గట్టిది, కానీ దగ్గరి మడత వేస్తే మడత దగ్గర పగులుతుంది. వెల్డు పెడితే ఆ పక్కన మెత్తబడిపోతుంది. వంటపాత్రల రేకు ఇచ్చి అదే ఇదని చెప్పేవాళ్ళుంటారు, జాగ్రత్త.

ఇనుప బోల్టు అల్యూమినియం ప్లేటుకు నేరుగా తగిలితే తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది. మధ్యలో నైలాన్ వాషరు, జింక్ పూత బోల్టు. ఇది మరిచిపోతే కొన్నాళ్ళకు బోల్టు చుట్టూ తెల్లటి పొడి కనబడుతుంది, అదే గుర్తు.

జయపురం_వెల్డర్
మాస్టారూ, లెక్క ఒప్పుకుంటాను. కానీ అల్యూమినియం రాయి మీద జారదు, గీరుకుంటుంది. రాయి మొన అందులో దిగి బండి అక్కడే ఆగుతుంది. ఇనుము జారిపోతుంది. మా దగ్గరికి వచ్చిన జీపులన్నిట్లో అదే చూశాను. పైగా వంగిన ఇనుప ప్లేటును సుత్తితో కొట్టి మళ్ళీ వేసుకోవచ్చు.

సునాబేడ_రేకులమాస్టారు
జారడం మాట నిజమే. అందుకే రెండూ కలిపి చేసేవాళ్ళున్నారు, అల్యూమినియం కింద ప్లాస్టిక్ పలక.

కొలరాడో_కుర్రాడు
మాది గుణుపురం, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నా. ఇక్కడ మా ఆఫీసు మిత్రుడికి రివియన్ ఆర్1టీ అనే ఎలక్ట్రిక్ పికప్ ఉంది, వాడితో రాళ్ళదారులకు వెళ్తుంటాను. ఎయిర్ సస్పెన్షన్ పూర్తిగా లేపితే 14.9 అంగుళాలు కిందినుంచి ఖాళీ ఉంటుంది. కంపెనీవాళ్ళే బ్యాటరీ కింద గట్టి కవచం పెట్టి ఇస్తారు. మూడు అడుగులు దాటిన నీళ్ళలో కూడా పోవచ్చని చెబుతారు. అయినా రాళ్ళ మీద ఎక్కువ తిప్పేవాళ్ళు దాని కింద ఇంకో పలక బిగించుకుంటారు. మాస్టారు చెప్పిన ప్లాస్టిక్ అదే, యూహెచ్‌ఎండబ్ల్యూ పాలిథిలిన్. రాయి మీద సబ్బులా జారుతుంది.

ఎలక్ట్రిక్ బండికి ఒక సుఖం ఉంది. సైలెన్సర్ పైపు లేదు, చాలావాటిలో ప్రొపెల్లర్ షాఫ్టు కూడా ఉండదు, అడుగు ముందు నుంచి వెనక దాకా చదునుగా చేసుకోవచ్చు. చదునైన అడుగు దిబ్బ మీద ఆనినా ఈడ్చుకుని ముందుకు పోతుంది.

బరంపురం_బుల్లెట్
14.9 అంగుళాలట. సంతలబండి గారి ట్రక్కు కింద కోడి కూడా వంగి పోవాలి.

సంతలబండి
కంపెనీ కాగితంలో 160 ఎం.ఎం. చిల్లర. అది ఖాళీ బండికి.

కొలరాడో_కుర్రాడు
పోలిక కోసం చెప్పలేదు, పద్ధతి కోసం చెప్పాను. ఆ ప్లాస్టిక్ మన దగ్గర కూడా దొరకాలి, కొత్త వస్తువేం కాదు.

జయపురం_వెల్డర్
దొరుకుతుంది. ఖనిజం, బొగ్గు జారే చూట్‌లకు లైనర్లుగా వేసే తెల్ల పలక అదే. 10 ఎం.ఎం. పలక నీ కొలతకు పది, పదకొండు కిలోలు. కానీ ఒంటరిగా నిలబడదు, మెత్తగా వంగుతుంది. వెనక లోహం ఉండాలి. ఎండకు బాగా సాగుతుంది కూడా. అందుకే బోల్టు రంధ్రాలు కోలగా పెట్టాలి. గట్టిగా బిగించేస్తే ఎండాకాలంలో మధ్యలో ఉబ్బుతుంది. డీజిల్ బండి సైలెన్సర్ పక్కన వేస్తే కరుగుతుంది, 130 డిగ్రీల దగ్గరే మెత్తబడిపోతుంది. ఎలక్ట్రిక్‌లో ఆ బాధ లేదు.

కొండదారి
ఇనుము 26, ప్లాస్టిక్ 11, బ్రాకెట్లు... మళ్ళీ 45 దాటింది. బస్తా అల్లం మళ్ళీ పోయింది.

అల్లంతోట
పోతే పోనీ, నా అల్లం రేటు ఎలాగూ లేదు.

జయపురం_వెల్డర్
మొత్తం ప్లాస్టిక్ అక్కర్లేదు కొండదారి అన్నా. దిబ్బ తగిలేది ముందు అంచు, మధ్య పట్టీ. అక్కడ రెండు పట్టీలు వేస్తే చాలు, అరిగితే మార్చుకోవచ్చు. స్లెడ్జి (మంచు మీద జారే బండి) కింద పట్టాల్లా పనిచేస్తాయి.

పర్లాకిమిడి_పాలసీ
నా వృత్తి మాట చెప్పి తప్పుకుంటాను. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. ఆర్‌సీలో రాసిన వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదని దాని సారం. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ క్రాష్ గార్డులు, బుల్ బార్లు తీసేయించమని రాష్ట్రాలకు రాసింది కూడా ఈ సెక్షన్ చూపించే. అది ముందు కట్టే గార్డుల గురించి. అడుగు ప్లేటు ఊడదీయగలిగేలా బోల్టులతో ఉంటే, ఛాసిస్ కోయకపోతే, గొడవ పడేవాళ్ళు తక్కువ. అయినా ప్లేటు వేశాక ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి, ఫొటోలు జతచేసి, జవాబు దాచుకోండి. బ్యాటరీ వారంటీ ఇచ్చేవాళ్ళకు కూడా అంతే.

ఇప్పుడున్న నొక్కుకు క్లెయిమ్ వేయాలంటే ఆలస్యం చేయకండి. "రాయి తగిలింది, ఆ తర్వాత కూడా తిప్పారు, అందుకే పెద్ద నష్టం అయ్యింది" అని పేచీ పెట్టే వీలు ఇవ్వకూడదు. రాయి తగిలి చప్పుడు వచ్చిందా, ఆపి, అక్కడే ఫొటో తియ్యాలి. కూలెంట్ కారుతోందేమో చూడాలి. కారుతుంటే నడపకుండా లాగించుకోవాలి.

సంతలబండి
ఆ ఊళ్ళలో ఫోన్ సిగ్నలే ఉండదు. లాగించుకోవడానికి ట్రాక్టరు దొరుకుతుందిలెండి. దానికి కట్టాలంటే కింద హుక్కు ఎక్కడుందో ప్లేటు వేశాక కనబడుతుందా?

జయపురం_వెల్డర్
మంచి ప్రశ్న. హుక్కు, జాకీ పెట్టే చోటు రెండూ ప్లేటు బయట ఉండాలి. కొలత తీసేటప్పుడే గుర్తుపెడతాను. కొంతమంది ప్లేటు మీదే జాకీ పెడతారు, ప్లేటు పైకి వంగి బ్యాటరీకి తగులుతుంది.

బ్యాటరీ_డాక్టర్
ట్రాక్టర్‌తో లాగేటప్పుడు ఒక్క జాగ్రత్త. వెనక చక్రాలు తిరిగితే మోటారు కూడా తిరుగుతుంది, కరెంటు పుట్టిస్తుంది. బురదలోంచి పది అడుగులు బయటికి లాగడం వేరు, రాయగడ దాకా లాక్కురావడం వేరు. దూరం అయితే చక్రాలు ఎత్తే బండి పిలవండి, లేదా యజమాని పుస్తకంలో ఏం రాశారో అది చెయ్యండి.

కొండదారి
ఒక పక్క ప్రశ్న. ఘాటీ దిగేటప్పుడు బ్రేకు నొక్కకుండానే మోటారే పట్టి ఆపుతుందంటారు కదా ఈ బండ్లలో. సుంకి ఘాటీలో ఎలా ఉంటుంది?

సంతలబండి
హాయిగా ఉంటుందన్నా, కింద సాలూరు చేరేసరికి చార్జింగు కొంచెం పెరుగుతుంది కూడా. కానీ పొట్టంగిలో వంద శాతం చార్జి పెట్టి దిగితే ఆ పట్టు రాదు. నిండిన బ్యాటరీలో ఇంకా ఎక్కడ పెడుతుంది? అప్పుడు మామూలు బ్రేకులే గతి. పైన చార్జి పెట్టాల్సి వస్తే ఎనభై దగ్గర ఆపేస్తాను.

వేదిక_నిర్వాహకుడు
ఘాటీ, బ్రేకుల మాట వేరే చర్చాదారంలో పెట్టుకోండి. ఇది అడుగు ప్లేటుకు మాత్రమే.

సునాబేడ_రేకులమాస్టారు
ఇంకా రెండు మాటలు. ప్లేటు రెండు ముక్కలుగా చేస్తే ముందు ముక్క వెనక అంచు కిందికి, వెనక ముక్క ముందు అంచు పైకి ఉండాలి. ఇంటి పెంకులు వేసే పద్ధతే. తిరగేసి వేస్తే ఆ సందులో రాయి దూరి ప్లేటునే చీల్చేస్తుంది. బోల్టు తలలు కిందికి పొడుచుకుని ఉండకూడదు. కౌంటర్‌సంక్ బోల్టు (తల ప్లేటులోకి దిగిపోయేది) వాడండి, లేదా చుట్టూ చిన్న గుంట నొక్కించండి. రాయికి అరిగి తల గుండ్రమైపోయిన బోల్టును విప్పడం ఎంత నరకమో మెకానిక్‌ను అడగండి.

బ్యాటరీ_డాక్టర్
మాస్టారి మాటకు తోక: సర్వీసుకు పోయిన ప్రతిసారీ ఆ ప్లేటు విప్పాల్సిందే. అరగంట పని అయితే మెకానిక్ తిట్టుకుంటూ విప్పుతాడు. రెండు గంటల పని అయితే విప్పకుండానే "చూశాం, బాగుంది" అని రాసేస్తాడు. ఆరు బోల్టులకు మించనివ్వకండి. కింద చల్లబరిచే గాలి తగిలే ఏర్పాటు ఉన్న బండి అయితే ప్లేటు పక్కలు తెరిచి వదలండి. ప్లేటు వేసిన తర్వాత మొదటి ఎండల్లో చార్జింగ్ ఎప్పటికంటే నెమ్మదిస్తోందా అన్నది కనిపెట్టి చూడండి. నెమ్మదిస్తే గాలి చాలట్లేదని అర్థం.

సంతలబండి
లెక్క తేలింది. ముందు నొక్కు సంగతి. రేపే సర్వీసు సెంటర్‌కు వెళ్ళి డాక్టర్ గారు చెప్పిన రెండు పరీక్షలూ రాతపూర్వకంగా అడుగుతాను. కేబుల్ మార్పిస్తాను. అది క్లియర్ అయ్యాకే ప్లేటు. అల్యూమినియమా ఇనుమా అన్నదే ఇంకా తేల్చుకోలేదు. 5052 జయపురంలో దొరుకుతుందా?

జయపురం_వెల్డర్
నా దగ్గర లేదు, విశాఖ నుంచి తెప్పించాలి. తెప్పిస్తాను. మాస్టారి మాట మీద ఒకసారి అల్యూమినియం చేసి చూద్దాం, కింద మాత్రం నా ప్లాస్టిక్ పట్టీలు.

సునాబేడ_రేకులమాస్టారు
సంతోషం. మడతలు వేసేటప్పుడు చెప్పండి, చూడ్డానికి వస్తాను.

అల్లంతోట
నా సరుకు ఆటోకు కూడా ఇదే ప్లేటు చేయవచ్చా?

బ్యాటరీ_డాక్టర్
మూడు చక్రాల బండి వేరు. దానికి ముందు చక్రం సరిగ్గా మధ్యలో పోతుంది కదా, కాబట్టి దిబ్బ మీదకు ఆ చక్రమే ఎక్కాలి, గాడి తప్పించుకునే వీలే లేదు. బ్యాటరీ ఎక్కడ పెట్టారో చూసి ఫొటోతో వేరే దారం తెరవండి.

బరంపురం_బుల్లెట్
నాది బుల్లెట్. నాకెవరూ ప్లేటు చెప్పరేం?

కొండదారి
నీ బుల్లెట్‌కు హెల్మెట్ చాలు.

సంతలబండి
@జయపురం_వెల్డర్ సర్వీసు సెంటర్ పని అయ్యాక ఫోన్ చేసి వస్తాను. బండి కడిగించి తీసుకురానా?

జయపురం_వెల్డర్
కడిగించు, కింద తడి ఆరాక రా. ఖాళీ బండి మాత్రం తేకు. నువ్వు సంతకు వేసే లోడు వేసుకునే రా. కమాన్లు దిగాక కింద ఎంత మిగులుతుందో చూడకుండా నేను షీటు కొయ్యను.